కళింగపట్నం తీరాన్ని ఎవరు చూసుకుంటారు? – జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి, పర్యాటక, మత్స్య, అటవీ, పంచాయతీ శాఖల జిల్లా అధికారులకు నమస్కరించి రాసుకున్న మనవి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ఉండి రిటైరైనవాడిని. సిమెంటు, ఇసుక పాళ్లు సరిచూడటం, కొలతలు పట్టి ఎం.బుక్కు (కొలతల పుస్తకం) రాసే అసిస్టెంట్ ఇంజనీరు గారికి అందించడం, ప్రారంభోత్సవం ముందురోజు రాత్రి శిలాఫలకం చుట్టూ సున్నం పూయించడం నా ఉద్యోగం. అలాంటివాడు కట్టడాలు తగ్గించమని ఉత్తరం రాయడం మీకు వింతగా తోచవచ్చు. కళింగపట్నం సముద్రతీరాన్ని అభివృద్ధి చేయాలన్న మాట వినబడినప్పుడల్లా నాకు ముందుగా వచ్చే సందేహం మాత్రం ఒక్కటే: కట్టిన మరుసటి రోజు నుంచి దాన్ని చూసుకునేది ఎవరు? ఈ లేఖంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

శ్రీకాకుళం పట్టణం సముద్రం ఒడ్డున లేదు, నాగావళి ఒడ్డున ఉంది. అయినా పట్టణంలో ఎవరైనా ‘బీచ్‌కి వెళ్దాం’ అంటే ‘ఏ బీచ్‌కి?’ అని ఎదుటివారు అడగరు. జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, ఉత్తరాన బారువ లాంటి చక్కటి ఒడ్డులు కూడా ఉన్నాయి, కానీ పట్టణవాసికి బీచ్ అంటే కళింగపట్నమే. విశాఖ వాళ్లకు ఆర్కే బీచ్ ఎలాగో మనకు ఇది అలాగ, ఊరికి దూరంగా ఉన్న ఊరి బీచ్. ఆదివారాలు, కార్తిక మాసం, కనుమ, ముక్కనుమ రోజుల్లో పట్టణమే అక్కడికి కదిలిపోతుంది. మిగతా రోజుల్లో అది వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర, పాత దీపస్తంభం కింద, పడవలు లాగిపెట్టుకునే ఒక మత్స్యకారుల ఒడ్డు. ఈ రెండు ముఖాల్లో రెండోదే పాతది, మొదటిదాని బరువు మోస్తున్నదీ అదే.

నాకు కళ్లు తెరిపించిన సంగతి చెబుతాను. కిందటి కార్తికంలో వనభోజనాల ఆదివారం గడిచిన మర్నాడు పొద్దున్నే, రద్దీ ఉండదు కదా అని, ఎనిమిదేళ్ల మనవరాలిని అక్కడికి తీసుకువెళ్లాను. సముద్రం కనబడగానే పిల్ల చెప్పులు విడిచేసి పరుగెత్తింది. ఇరవై అడుగులు వేయకముందే కూర్చుండిపోయింది. అరికాలిలో ముదురు గోధుమరంగు సీసా పెంకు దిగింది. మూత బిగించే మరలున్న మూతి ముక్క అది, సగం విరిగి నిటారుగా ఇసుకలో నిలబడి ఉంది. దగ్గరలో పాత వల పరచి నెత్తళ్లు ఆరబెట్టుకుంటున్న ఒకామె వచ్చి, తన బిందెలో నీళ్లతో గాయం కడిగి, తలకు చుట్టుకున్న గుడ్డలో ఒక పేలిక చింపి కట్టింది. కట్టు కడుతూనే నన్ను మందలించింది. “ఏటి బాబూ, వనబోజనాలైన మర్నాడు పిల్లని ఉత్తికాళ్లతో దింపీసేవేటి? మావే దిగం.”

పుట్టినప్పటి నుంచీ ఆ ఇసుకలోనే తిరిగిన మనిషి, మా పట్టణం వాళ్లం వచ్చిపోయిన మర్నాడు అక్కడ వట్టి కాళ్లతో అడుగు పెట్టడం లేదు. ఆమె ఎవరినీ తిట్టలేదు, వాన పడితే బురద అవుతుందన్నంత మామూలుగా అంది. నిర్లక్ష్యానికి గురైన తీరం అంటే ఏమిటో నాకు అంతకన్నా స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేదు.

ఇక కట్టడాల సంగతి. నా వృత్తి కళ్లతో చూస్తే ఏ సముద్రపు ఒడ్డునైనా కథ ఒకటే. కాంక్రీటు బల్లల అంచులు పగిలి లోపలి ఇనుప చువ్వలు బయటపడతాయి, దీపాల స్తంభాలు అడుగున తుప్పు తిని ఊగుతాయి, కుళాయి దిమ్మె ఉంటుంది గాని కుళాయి ఉండదు. ఎవరు కట్టారు, ఏ పద్దు కింద కట్టారు అన్నది నేను తవ్వబోవడం లేదు. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటు రంధ్రాల గుండా చువ్వ దాకా చేరితే ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి పొంగి కాంక్రీటును చీలుస్తుంది. చీలికలోంచి మరింత ఉప్పు దిగుతుంది. పట్టణంలో నలభై ఏళ్లు నిలిచే పని అక్కడ పదేళ్లకే పెచ్చులూడటానికి కాంట్రాక్టరు మోసమే కారణం కానక్కర లేదు. మోసం కూడా కలిస్తే ఐదేళ్లే అనుకోండి. ఆ సంగతి నాకు మీరెవరూ చెప్పనక్కర లేదు.

ఉప్పు ఒక్కటే కాదు, ఒడ్డు కూడా ఒకచోట నిలిచి ఉండదు. తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రయాణిస్తుంది. దానికి తోడు వంశధార ఒడిశా కొండల నుంచి తెచ్చి పోసే ఇసుక మన ఒడ్డుకు పెట్టుబడి. నది మీద ఆనకట్టలు వేసినా, ఏటి గర్భంలో ఇసుక తవ్వినా ఆ పెట్టుబడి అంతమేరకు తగ్గుతుంది. విశాఖలో ఓడరేవు గోడల వల్ల ఆగిపోయిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఆర్కే బీచ్ వైపు పోయవలసి రావడం మనం చూస్తున్నదే. 1990 నుంచి 2018 వరకు జరిగిన జాతీయ అధ్యయనంలో దేశ తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందని తేలింది. మనకు తుపానులు కూడా చుట్టాల్లా వస్తాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన జిల్లా మీదే తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం పరిసరాల్లోనే తీరం దాటింది. ఇలాంటి ఒడ్డున ఇసుక అంచునే గోడ కట్టి, దాని మీద విగ్రహం నిలిపి, ముందు రంగు టైల్స్ పరిస్తే అది సముద్రానికి పెట్టిన పందెం. పందెం సొమ్ము ప్రజలది.

అందుచేత మొదటి మనవి ఇది: ఇసుక మీద శాశ్వత నిర్మాణం ఏదీ తలపెట్టవద్దు. 2019 తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ కూడా, పోటు నీరు వచ్చే గరిష్ఠ హద్దు నుంచి కనీసం 10 మీటర్లు వదిలి మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, తాగునీటి వసతి, చిన్న పాకల వంటి తాత్కాలిక వసతులకు అవకాశం ఇస్తోంది. ‘తాత్కాలికం’ అన్న మాటను మన ఆఫీసుల్లో ఎందుకో చిన్నచూపు చూస్తారు. ఇక్కడ మాత్రం అదే సరైన ఇంజనీరింగ్. సరుగుడు వాసాలు, తాటాకు కప్పు, బోల్టులు విప్పితే ఊడివచ్చే చెక్క నడకదారి ఉంటే తుపాను హెచ్చరిక రాగానే విప్పి వెనక్కి తీసుకుపోవచ్చు, పోయినా నష్టం వేలల్లో ఉంటుంది గాని కోట్లలో ఉండదు. వాహనాలు నిలిపే చోటు, వంటలు, దుకాణాలు, మరుగుదొడ్ల శాశ్వత భాగం రోడ్డుకు అవతలే ఉండాలి. కార్లు, బైకులు ఇసుకలోకి దిగకుండా నాలుగు రాతి దిమ్మెలు పాతితే చాలు, దానికి పథకం అక్కర లేదు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎస్టిమేట్లు వేసేటప్పుడు అది ఎప్పుడూ చివరి పేజీలోకి పోతుంది. సముద్రస్నానం చేసిన తల్లి తడి చీరతోనే, ఇద్దరు బంధువులు దుప్పటి అడ్డం పట్టుకుంటే దాని చాటున బట్టలు మార్చుకోవడం అక్కడ మామూలు దృశ్యం. మరుగుదొడ్డి కట్టడం సులభమే, దానికి నీళ్లు, తలుపు గడియ, రోజూ కడిగే మనిషి, ఆ మనిషికి నెల జీతం ఉన్నప్పుడే అది మరుగుదొడ్డి. ఈ నాలుగింటిలో ఒక్కటి లేకపోయినా తాళం వేసిన గది అవుతుంది. కాబట్టి ఎన్ని కట్టారన్న లెక్క కాదు, ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు ఎన్ని తెరిచి, శుభ్రంగా ఉన్నాయన్న లెక్క మాకు చూపించండి.

ఒడ్డును చదును చేసి ‘శుభ్రపరచడం’ మీద కూడా ఒక మాట. ఇసుక దిబ్బల మీద పాకే బాలబంద తీగనూ, రావణాసురుడి మీసాలని మనం పిలిచే ముళ్ల గడ్డినీ పిచ్చిమొక్కలని పీకించి జేసీబీతో దిబ్బలు నేలమట్టం చేయించడం అందం అనుకునేవారున్నారు. గాలికి ఎగిరే ఇసుకను పట్టి ఆపి దిబ్బగా పెంచేవి ఆ మొక్కలే. ఆ దిబ్బే పెద్ద కెరటాలకు మొదటి అడ్డు, దాని వెనకున్న మొగలి పొదలు, సరుగుడు తోట రెండోది. దిబ్బలకు చట్టరీత్యా కూడా అత్యంత కఠినమైన రక్షణ ఉంది. లాన్ గడ్డి తెచ్చి మంచినీళ్లు పోసి పెంచేకన్నా బాలబంద తీగ ఊదా పువ్వులను అలాగే ఉండనివ్వడం చవక, నిజానికి అందం కూడా. (నా ఉద్యోగంలో నేనూ ఒకటి రెండు దిబ్బలు చదును చేయించాను. అప్పుడు తెలియలేదు.)

ఆ దిబ్బల ముందే, శీతాకాలం చివర్లో, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ వచ్చి గుడ్లు పెడతాయి. మనకు ఉత్తరాన గంజాం జిల్లాలో రుషికుల్య మొగ దగ్గర అవి లక్షల్లో వస్తే, మన తీరంలో విడివిడిగా వస్తాయి. ఒక్కో తల్లి సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, ఒకటిన్నర, రెండు నెలల్లో పిల్లలు ఇసుక తవ్వుకుని బయటికి వచ్చి, వెలుగు ఎటు ఎక్కువగా ఉంటే అటు నడుస్తాయి. మనిషి లేని ఒడ్డున ఆ వెలుగు సముద్రం వైపే ఉంటుంది. మనం పెద్ద ఫ్లడ్ లైట్లు వేస్తే అవి రోడ్డు వైపు నడుస్తాయి, తెల్లారేసరికి కుక్కలకు, కాకులకు, బండి చక్రాలకు సరి. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి. కనుక జనవరి నుంచి ఏప్రిల్ వరకు తీరం వైపు దీపాలు తక్కువ ఎత్తులో, పసుపు వెలుగుతో, సముద్రం వైపు మూతలతో ఉండాలనీ, రాత్రి తొమ్మిది దాటాక ఆర్పేయాలనీ, ట్రాక్టరుతో కాక చేత్తోనే ఇసుక ఊడ్పించాలనీ మనవి. అటవీ శాఖవారు గుడ్లు సేకరించి కంచె కట్టిన చోట పొదిగించి పిల్లలను వదిలే ఉదయాలకు పట్టణం బడుల పిల్లలను పిలవండి. ఏ బొమ్మల పార్కూ ఇవ్వని జ్ఞాపకం అది, ఖర్చు ఒక బస్సు.

ఇప్పుడు అసలైనవాళ్ల దగ్గరికి వస్తాను. మన జిల్లా మత్స్యకారులు పనికోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస పోతారని మీకు తెలుసు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు పొరపాటున సరిహద్దు జలాలు దాటి పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వారిలో 20 మంది వాఘా దాటి తిరిగి వచ్చేసరికి 2020 జనవరి అయింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. అవే వేసవి సెలవులు, పట్టణం వాళ్లు బీచ్‌కి ఎగబడే రోజులు. వేట లేని చేతులు, చేతులు కావలసిన ఒడ్డు ఒకే చోట, ఒకే కాలంలో ఉన్నాయి. ఈ రెండింటినీ కలపడమే పర్యాటకం అనిపించుకోవాలి. బయటి సంస్థకు టెండరిచ్చి, వాళ్లు గేటు పెట్టి టికెట్టు కోసి, ఊరివాళ్లను చేపల వాసన వస్తోందని పక్కకు తప్పుకోమనడం పర్యాటకం కాదు. పడవలు లాగే చోటు, వల ఆరేసే చోటు, నెత్తళ్లు ఎండబెట్టే చోటు ముందుగా వాళ్లతో కూర్చుని పటంలో గీయండి, మిగిలిన దానిలో మనం బెంచీలు వేసుకుందాం. ఒడ్డు నుంచి లాగే పెద్ద వల, అలివి వల, లాగడం చూడటానికి నగరాల నుంచి జనం డబ్బిచ్చి వస్తారు. దాన్ని దాచేసి ముందు సెల్ఫీ బోర్డు పెట్టడం తెలివితక్కువ.

లైఫ్‌గార్డుల ఉద్యోగాలు పూర్తిగా ఆ ఊరి యువకులకే ఇవ్వాలి. ఈతకు దిగేవాళ్లను చంపేది ఎక్కువగా పెద్ద కెరటం కాదు. కెరటాలు తెచ్చి పోసిన నీరు సన్నని కాలువలా తిరిగి లోపలికి పోతుంది, దాన్నే రిప్ కరెంట్ అంటారు. అక్కడ కెరటాలు విరగవు కాబట్టి పైకి నెమ్మదిగా కనబడుతుంది, తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కినవాడు ఒడ్డుకు ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే బయటపడతాడు. నది మొగ దగ్గర, పోటు తిరిగే వేళ, ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇవాళ సముద్రం ఎక్కడ లాగుతోందో పొద్దున్నే ఒడ్డు చూసి చెప్పగలిగినవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. వాళ్లకు ప్రథమ చికిత్సలో శిక్షణ, ఈల, ట్యూబు, జీతం ఇస్తే చాలు. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కెరటాల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు రోజూ ఇస్తోంది. ఆ సమాచారం తెలుగులో ఒక నల్లబోర్డు మీద సుద్దతో రాసిపెట్టినా సరే, ఎల్‌ఈడీ తెర కోసం ఆగవద్దు.

చెత్త విషయం నేను మా పట్టణం వాళ్లతోనే మొదలుపెట్టాలి, తెచ్చేది మేమే కాబట్టి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషిద్ధం, కానీ వనభోజనాల మర్నాడు ఒడ్డు చూస్తే ఆ సంగతి ఎవరికీ తెలిసినట్టు ఉండదు. బీచ్ మొదట్లోనే డ్వాక్రా మహిళల దుకాణం పెట్టి మన్యం నుంచి వచ్చే అడ్డాకుల విస్తర్లు అమ్మించండి. గాజు సీసాలను అక్కడే ఆపండి. వాహనం పార్కింగ్‌కు తీసుకునే రుసుములో ఒక భాగాన్ని డిపాజిట్‌గా ఉంచి, చెత్త సంచి తిరిగి ఇచ్చినవాళ్లకు వెనక్కి ఇవ్వండి. పదిమంది సణుగుతారు, పండగలు రెండు గడిస్తే అలవాటవుతుంది.

బయటి నుంచి వచ్చే యాత్రికుల కోసం మనం కొత్తగా కల్పించవలసింది పెద్దగా ఏమీ లేదు. అరసవల్లిలో పొద్దున్నే సూర్యదర్శనం, అక్కడి నుంచి శ్రీకూర్మం, తరువాత గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో గుర్తించి వెలుగులోకి తెచ్చిన శాలిహుండం బౌద్ధ స్తూపాలు, సాయంత్రానికి కళింగపట్నం, అంతా ఒక్క రోజులో సరిపోతుంది. శాలిహుండం కొండమీద నిలబడితే వంశధార కనబడుతుంది. ఒకప్పుడు ఆ నది మొగ దగ్గరి రేవు నుంచే కళింగ ఓడలు బయలుదేరేవని అక్కడే పిల్లలకు చెప్పవచ్చు. కావలసింది ఈ నాలుగింటినీ కలిపే ఒక బస్సు, తప్పుల్లేని తెలుగులో నాలుగు బోర్డులు.

బ్లూ ఫ్లాగ్ గుర్తింపు సాధిస్తామని ఎవరైనా అంటే సంతోషమే గాని ఒక జాగ్రత్త. నీటి నాణ్యత, భద్రత, పరిశుభ్రత వంటి 33 ప్రమాణాలు ఉన్న ఆ గుర్తింపు 2020లో మన పక్క విశాఖలోని రుషికొండకూ, పూరీలోని గోల్డెన్ బీచ్‌కూ వచ్చింది. 2025 మొదట్లో నిర్వహణ లోపాల వల్ల రుషికొండలో ఆ జెండాను దించవలసి వచ్చి, లోపాలు సరిదిద్దాక మళ్లీ ఎగరేశారు. అంత ఆదాయం, అంత దృష్టి ఉన్న నగరంలోనే అలా జరిగిందంటే, జెండా సాధించడం కన్నా దాన్ని నిలబెట్టుకోవడం కష్టమని అర్థం. మనం జెండా గురించి ఐదేళ్ల తరువాత మాట్లాడుకోవచ్చు. అంతకుముందు ఒక ఏడాదిపాటు ప్రతి సోమవారం ఉదయం ఆ ఒడ్డు మీద ఒక పిల్ల చెప్పుల్లేకుండా పరుగెత్తగలిగితే నాకు అదే చాలు.

చివరిగా, మొదట అడిగిన ప్రశ్న. ఇసుక ఒకరిది, దిబ్బ ఒకరిది, దీపం ఒకరిది, రోడ్డు ఒకరిది, చెత్త ఒకరిది. నేను ఉద్యోగంలో ఉండగా ఇలాంటి చోట ఏ ఫిర్యాదు వచ్చినా ‘మా పరిధిలోది కాదు’ అని రాయడం ఎంత సులువో నాకు తెలుసు, నేనే రాశాను. కాబట్టి మీ శాఖలన్నీ కలిసి ఒక ఉత్తర్వుతో కళింగపట్నం తీరానికి ఒకే బాధ్యుడిని నియమించండి. ఆయన కింద పంచాయతీ, మత్స్యకార సహకార సంఘం, మహిళా సంఘాల ప్రతినిధులతో కమిటీ వేయండి. పార్కింగ్, దుకాణాల అద్దె, పాకల రుసుము ఆ కమిటీ ఖాతాలోకే వెళ్లి ఆ ఒడ్డుకే ఖర్చు కావాలి, జమాఖర్చులు ప్రతి నెలా దీపస్తంభం దగ్గర బోర్డు మీద ఉండాలి. కొత్త పని ఏది మంజూరు చేసినా దాని పక్కనే పదేళ్ల నిర్వహణ ఖర్చు రాసి, ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందో చూపించలేకపోతే మంజూరు ఆపేయండి. మొదటి ఏడాదికి నేను అడిగేది పన్నెండుమంది ఊడ్చేవాళ్లు, ఆరుగురు లైఫ్‌గార్డులు, కడిగేందుకు మనుషులున్న రెండు మరుగుదొడ్ల వరసలు, ఒక పంపు. దీని ఎస్టిమేటు నేను ఉచితంగా వేసి ఇస్తాను.

కార్తిక మాసం మొదలయ్యే లోపు ఆ బాధ్యుడి పేరు, ఫోను నంబరు బీచ్ మొదట్లో పెద్ద అక్షరాలతో రాయించండి. శిలాఫలకం మీద కాదు, మార్చడానికి వీలుగా రేకు మీద.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్,
శ్రీకాకుళం.